తేదీ లేని ఉత్తరం

క్రిందటి వేసవి సెలవుల్లో మా ఇంట్లో జరిగిన ఒక చిన్న సంగతితో మొదలుపెడతాను. నా ఫోనుకు వాట్సాప్‌లో ఒక సందేశం వచ్చింది. ఒక పసిపాపకు ఆపరేషను చేస్తున్నారనీ, అరుదైన గ్రూపు రక్తం వెంటనే కావాలనీ, ఫలానా నంబరుకు ఫోను చెయ్యమనీ, ఈ కబురు అందరికీ పంపమనీ దాని సారాంశం. నా మనసు కరిగింది. నాకు తెలిసిన నాలుగైదు గ్రూపులకు వెంటనే పంపేశాను. ఒక మంచిపని చేశానన్న తృప్తితో కళ్లజోడు తీసి పక్కన పెట్టాను.

తొమ్మిదో తరగతి చదువుతున్న మా చెల్లెలి మనవడు పక్కనే కూర్చుని ఉన్నాడు. వాడు ఆ సందేశం చదివి, "తాతయ్యా, దీనిమీద తేదీ ఏదీ?" అన్నాడు. చూశాను. తేదీ లేదు. ఆస్పత్రి పేరు కూడా లేదు. "మరి ఆ నంబరుకు నువ్వు ఫోను చేసి చూశావా?" అన్నాడు. చెయ్యలేదు. అప్పుడు చేశాను. అవతల ఎవరో అలసిపోయిన గొంతుతో, "పాపకు ఆపరేషను అయి మూడేళ్లయిందండీ. పాప బాగానే ఉంది. అయినా ఎవరో ఒకరు ఫోను చేస్తూనే ఉన్నారు. దయచేసి ఇక ఎవరికీ పంపకండి" అన్నారు.

నేను అబద్ధం చెప్పలేదు. ఎవరినీ మోసం చెయ్యాలనుకోలేదు. మూడేళ్ల క్రితం నిజమైన కబురునే పంపాను. అయినా ఒక కుటుంబాన్ని ఇబ్బంది పెట్టాను. ఆ రోజు నిజంగా రక్తం కావలసిన మరో పాప ఎక్కడైనా ఉంటే, ఆ పాపకోసం కదలవలసిన వాళ్లను పెడదారి పట్టించాను. దీన్ని గురించి ఆలోచించగా నాకు తోచిన నాలుగు మాటలు మీతో చెప్పాలనిపించింది.

ఆగిపోయిన టెలిగ్రాం

మీలో చాలామంది టెలిగ్రాం చూసి ఉండరు. మన దేశంలో టెలిగ్రాం సర్వీసు 2013 జూలైలో ఆగిపోయింది. అది ఉన్న రోజుల్లో మాటకింత అని డబ్బు కట్టాలి. అందుకని పంపేవాడు ఒక్కొక్క మాటనూ తూచి రాసేవాడు. పోస్టుకార్డు సంగతి చూడండి. దానిమీద పోస్టాఫీసు ముద్ర ఉంటుంది. ఆ ముద్రలో ఊరి పేరూ, తేదీ ఉంటాయి. ఉత్తరం ఎక్కడినుంచి వచ్చిందో, ఎప్పుడు బయలుదేరిందో ముద్రే చెప్పేది.

పత్రికలో వార్త రావాలంటే విలేఖరి రాయాలి, ఉపసంపాదకుడు దిద్దాలి, ప్రూఫులు చూసేవాడు చూడాలి. వీళ్లందరూ తప్పులు చెయ్యరని కాదు. చేసేవాళ్లు. కాని వార్తకూ పాఠకుడికీ మధ్య ముగ్గురు నలుగురు మనుషులు ఉండేవాళ్లు. తప్పు జరిగితే అడగడానికి ఒక పేరు, ఒక చిరునామా ఉండేవి.

1995 ఆగస్టు 15న మన దేశంలో సామాన్య ప్రజలకు ఇంటర్నెట్ అందుబాటులోకి వచ్చింది. ఇప్పుడు అది మన జేబులోకి వచ్చేసింది. ఒక కబురు గాజుపోగుల్లో కాంతి రూపంలో సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్ల వేగంతో పోతుంది. మన దేశం ఉత్తరం కొసనుంచి దక్షిణం కొసదాకా సుమారు 3,200 కిలోమీటర్లు. ఆ లెక్కన ఇంత దూరం పోవడానికి సెకనులో అరవయ్యో వంతు చాలు. దారిలో ఉన్న యంత్రాలు కొంత ఆలస్యం చేస్తాయి గాని, అది మనం గమనించగలిగేంత కాదు.

వేగం పెరిగింది, ఖర్చు తగ్గింది. చాలా మంచిది. కాని వాటితోపాటు మరొకటి కూడా పోయింది. పంపేముందు ఒక్క క్షణం ఆగి ఆలోచించే అవసరం పోయింది. నా అభిప్రాయంలో, ఇంటర్నెట్ మన నిత్యజీవితంలో తెచ్చిన మార్పులన్నిటిలోకి పెద్దది ఇదే. ఇదివరకు మనం పాఠకులం మాత్రమే. ఇప్పుడు మనలో ప్రతి ఒక్కడూ పత్రికాధిపతే. కాని సంపాదకుడి కుర్చీ మాత్రం ఖాళీగా ఉంది.

పుకార్లు కొత్తవా?

"పుకార్లు ఎప్పుడూ ఉన్నాయి కదా, పాపం ఇంటర్నెట్‌ను ఎందుకు అంటారు?" అని మీరు అడగవచ్చు. న్యాయమైన ప్రశ్నే. ఇంటర్నెట్ మన దేశంలో జనానికి అందిన అయిదువారాలకు, 1995 సెప్టెంబరు 21న, విగ్రహాలు పాలు తాగుతున్నాయన్న వార్త ఒక్క రోజులో దేశమంతా పాకింది. అప్పటికి ఇంటర్నెట్ ఉన్న ఇళ్లు చాలా తక్కువ. ఆ వార్త టెలిఫోను మీద, నోటిమాట మీద నడిచింది. శాస్త్రజ్ఞులు పాలలో రంగు కలిపి పరీక్షించి చూపారు. పాలు రాయిలోకి పోవడం లేదు. తలతన్యత వల్ల చెంచా అంచునుంచి లాగబడి, పల్చని పొరగా విగ్రహం మీదుగా కిందికి జారుతున్నాయి. తెల్లని పాలు తడి రాతిమీద కంటికి ఆనలేదు. రంగు కలపగానే కనిపించాయి.

అంటే పుకారు పాతదే. మారింది ఏమిటి? పాత పుకారు నోటినుంచి నోటికి పోయేటప్పుడు కొంత అరిగిపోయేది. చెప్పినవాడి ముఖం మనకు కనిపించేది. "నువ్వు చూశావా?" అని అడిగితే వాడు నీళ్లు నమిలేవాడు. ఇప్పుడు పుకారు ఏమాత్రం అరగకుండా, బొమ్మతో సహా, వెయ్యోవాడికి కూడా మొదటివాడికి వచ్చినట్టే వస్తుంది. పైగా మనకు నమ్మకమున్న మేనమామ పేరుతోనో, టీచరు పేరుతోనో వస్తుంది.

2018లో జరిగిన విషాదం మీరు తెలుసుకోవాలి. పిల్లలను ఎత్తుకుపోయే ముఠాలు తిరుగుతున్నాయని దేశంలో చాలా చోట్ల సందేశాలు వ్యాపించాయి. వాటితో ఒక వీడియో కూడా వచ్చింది. మోటారుసైకిలు మీద ఇద్దరు వచ్చి వీధిలో ఆడుకుంటున్న పిల్లవాణ్ణి ఎత్తుకుపోతారు. చూసినవాళ్ల గుండె గుభేలుమంది. నిజానికి అది పాకిస్తాన్‌లోని కరాచీలో, పిల్లల భద్రత గురించి తల్లిదండ్రులను హెచ్చరించడానికి తీసిన చిన్న చిత్రం. దాని చివరలో ఆ ఇద్దరూ పిల్లవాణ్ణి తిరిగి తెచ్చి దింపి, హెచ్చరిక రాసిన అట్ట చూపిస్తారు. ఆ చివరి ముక్కను ఎవరో కత్తిరించారు. మిగిలినదాన్ని జనం నమ్మారు. ఆ వేసవిలో దేశంలోని పలు రాష్ట్రాలలో ఇరవైమందికి పైగా అమాయకులు గుంపుల చేతుల్లో ప్రాణాలు పోగొట్టుకున్నారు. వాళ్లలో చాలామంది చేసిన నేరం, తెలియని ఊరిలో కనిపించడమే.

అదే కాలంలో తెలంగాణలోని జోగులాంబ గద్వాల జిల్లాలో పోలీసులు ఊరూరా తిరిగి, డప్పు కొట్టించి, జానపద పాటలు పాడించి, ఆ వార్తలు నమ్మవద్దని ప్రచారం చేశారు. అన్నిటికంటే కొత్త సాధనం చేసిన గాయానికి, అన్నిటికంటే పాత సాధనం కట్టు కట్టింది.

ఉమ్మెత్తకాయ పాఠం

ఇంకొక ఉదాహరణ మన రాష్ట్రానిదే. 2020 ఏప్రిల్‌లో కరోనా భయం దేశాన్ని పట్టుకున్న రోజులు. ఉమ్మెత్త గింజలు తింటే కరోనా రాదని ఒక వీడియో వచ్చింది. ఉమ్మెత్తకాయ గుండ్రంగా, ఒళ్లంతా ముళ్లతో ఉంటుంది. పత్రికల్లో, టీవీల్లో చూపిన వైరస్ బొమ్మ కూడా అలాగే ఉంది. పోలిక ఉన్నది గనుక మందు అయి ఉంటుందన్నది అందులోని తర్కం. చిత్తూరు జిల్లాలో దాదాపు పదిమంది ఆ గింజలు నూరి తాగి ఆస్పత్రి పాలయ్యారు. అదృష్టవశాత్తూ చికిత్సతో కోలుకున్నారు.

ఉమ్మెత్త విషమని పల్లెటూళ్లో పశువుల కాపరికి కూడా తెలుసు. దానిలో అట్రోపిన్, స్కోపొలమిన్ అనే పదార్థాలు ఉంటాయి. అవి నరాలు అవయవాలకు పంపే సంకేతాలను అడ్డుకుంటాయి. నోరు ఎండిపోతుంది, కంటిపాపలు పెద్దవవుతాయి, గుండె వేగంగా కొట్టుకుంటుంది, మతి తప్పుతుంది. ఎక్కువైతే ప్రాణం పోతుంది. ఇంత తెలిసిన విషయాన్ని ఒక చిన్న వీడియో ఎలా మరపించింది? భయం వల్ల. భయపడ్డ మనిషి ఆధారం అడగడు, ఆసరా వెతుక్కుంటాడు.

ఈ మాట నా ఊహ మాత్రమే కాదు. 2018 మార్చిలో 'సైన్స్' పత్రికలో అమెరికాలోని ఎం.ఐ.టి. పరిశోధకులు ఒక వ్యాసం ప్రచురించారు. ట్విట్టర్‌లో 2006 నుంచి 2017 వరకు సుమారు 30 లక్షల మంది పంచుకున్న 1,26,000 వార్తా పరంపరలను వాళ్లు పరిశీలించారు. అబద్ధపు వార్తను ఇతరులకు పంపే అవకాశం నిజమైన వార్త కంటే 70 శాతం ఎక్కువని తేలింది. 1,500 మందికి చేరడానికి అబద్ధం కంటే నిజానికి సుమారు ఆరు రెట్లు ఎక్కువ కాలం పట్టింది. ఈ పని యంత్రాలు చేశాయేమో అని చూస్తే, కాదు, ముఖ్యంగా మనుషులే చేశారు. అబద్ధపు వార్తలు చూసినవాళ్ల జవాబుల్లో ఆశ్చర్యం, భయం, అసహ్యం ఎక్కువగా కనిపించాయి. నిజం నిలకడమీద తెలుస్తుందని మన పెద్దలు అన్నారు. అబద్ధానికి నిలకడతో పని లేదు. అందుకే అది ముందు బయలుదేరుతుంది.

ఇంకొక సంగతి కూడా ఉంది. వీడియోలు చూపే సేవలు చాలావరకు మన దగ్గర డబ్బు తీసుకోవు. ప్రకటనలు వేసేవాళ్ల దగ్గర తీసుకుంటాయి. మనం ఎంతసేపు తెర ముందు కూర్చుంటే అంత లాభం. కనుక మన కన్ను దేనిమీద నిలుస్తుందో యంత్రం కనిపెట్టి, అటువంటిదే మళ్లీ మళ్లీ ముందుకు తోస్తుంది. అది నిజమా కాదా అన్నది ఆ లెక్కలో ముఖ్యం కాదు.

ఒక చిన్న లెక్క

ఇప్పుడు పెన్సిలు తీసుకోండి. ఒక సందేశాన్ని ఒకడు అయిదుగురికి పంపాడు. ఆ అయిదుగురిలో ప్రతి ఒక్కరూ కొత్తగా మరో అయిదుగురికి పంపారు. 5, 25, 125, 625 అని లెక్క పెరుగుతుంది. పదో మెట్టులో 97,65,625 మందికి చేరుతుంది. పదకొండో మెట్టులో 4,88,28,125. పన్నెండో మెట్టులో 24,41,40,625. 2011 జనాభా లెక్కల ప్రకారం నేటి ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రెండూ కలిపితే సుమారు 8 కోట్ల 46 లక్షల మంది. అంటే పన్నెండు మెట్లలో పసిపిల్లలతో సహా అందరికీ చేరి, ఇంకా మిగులుతుంది! నిజజీవితంలో ఒకరికే రెండుమూడు సార్లు వస్తుంది కాబట్టి ఇంత నిక్కచ్చిగా జరగదు. కాని పెరిగే తీరు ఇదే.

ఈ లెక్కను ఇప్పుడు తిరగేసి చూద్దాం. సందేశం అందిన ప్రతి అయిదుగురిలో నలుగురు ఆపేశారనుకోండి. ఒక్కడే ముందుకు పంపాడు. అప్పుడు ఏ మెట్టులోనైనా పంపేవాడు ఒక్కడే. సందేశం పెరగదు, మెట్టుకు అయిదుగురి చొప్పున ఈడ్చుకుంటూ పోతుంది. ఆ ఒక్కడు కూడా అప్పుడప్పుడు ఆపితే, కొన్నాళ్లకు అదే చచ్చిపోతుంది. అంటువ్యాధి ఆగే లెక్క కూడా సరిగ్గా ఇదే. ఒక రోగి సగటున ఒకరికంటే తక్కువమందికి అంటిస్తే వ్యాధి అణగిపోతుంది. కాబట్టి "నా ఒక్కడితో ఏమవుతుంది?" అనే మాట లెక్కకు నిలవదు. అందరూ మహాజ్ఞానులు కానక్కరలేదు. అయిదుగురిలో నలుగురు ఆగితే చాలు.

సందేశాలు చేరవేసే సంస్థ కూడా ఈ లెక్క గ్రహించింది. 2018 జూలైలో వాట్సాప్ మన దేశంలో ఒక సందేశాన్ని ఒకేసారి అయిదు చోట్లకంటే ఎక్కువకు పంపకుండా హద్దు పెట్టింది. 2020 ఏప్రిల్‌లో, అప్పటికే చాలా చేతులు మారిన సందేశాన్ని ఒకసారికి ఒక్క చోటికే పంపేలా చేసింది. దాంతో అటువంటి సందేశాలు పంపడం 70 శాతం తగ్గిందని ఆ సంస్థ ప్రకటించింది. చూశారా? ఎవరికీ ఏ ఉపదేశమూ చెయ్యలేదు. ఒక్క క్షణం ఆగేటట్టు చేశారు, అంతే.

అయితే ఫోను మానెయ్యాలా?

కొందరు పెద్దలు "పిల్లల చేతికి ఫోనే ఇవ్వకూడదు, పీడా విరగడవుతుంది" అంటారు. వారి బాధ నాకు అర్థమవుతుంది. కాని దాన్ని నేను ఒప్పుకోను. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడింది. వేలమంది చనిపోయారు. ఇంటింటికీ హెచ్చరిక అందించే సాధనాలు ఆనాడు లేవు. 2013 అక్టోబరులో ఫైలిన్ తుఫాను ఒడిశా, ఆంధ్ర తీరాలకు వచ్చినప్పుడు సుమారు పదిలక్షల మందిని ముందే సురక్షిత ప్రాంతాలకు తరలించారు. ప్రాణనష్టం పదుల్లోనే ఉండిపోయింది. ఇందులో ఉపగ్రహాలకు, రాడార్లకు, తుఫాను షెల్టర్లకు, వాటిని నడిపిన ఉద్యోగులకు పెద్ద వాటా ఉంది. కాని వాళ్లు కనిపెట్టిన సంగతి వేళకు మనిషికి చేరకపోతే ఏం లాభం? వేగంగా పోయే కబురు ప్రాణం తీయగలదు, ప్రాణం పోయగలదు. తీగెను తిట్టి లాభం లేదు.

అయితే ఆ తీగెలో పోయే ప్రతి కబురునూ సంస్థో, ప్రభుత్వమో సరిచూడవచ్చు కదా? అదీ అంత సులభం కాదు. 2016 నుంచి వాట్సాప్‌లో సందేశాలు గుప్తలిపిలోకి మారి ప్రయాణిస్తున్నాయి. పంపినవాడూ, అందుకున్నవాడూ తప్ప మధ్యలో ఎవరూ, ఆ సంస్థ కూడా, చదవలేరు. ఇది అంటించిన కవరులో ఉత్తరం వంటిది. నాకు ఇది మంచిదే అనిపిస్తుంది. నా ఉత్తరం ఎవరో విప్పి చదవడం నాకిష్టం లేదు, మీకూ ఉండదు. కాని దానికి ఒక వెల ఉంది. కవరులో ఏముందో ఇతరులు చూడకూడదంటే, చూసే బాధ్యత మనమే తీసుకోవాలి. ఇందాక చెప్పిన ఖాళీ కుర్చీ గుర్తుందా? దానిలో కూర్చోవలసింది మీరే.

కుర్చీలో కూర్చుని ఏం చెయ్యాలి? ప్రయోగశాలలో చేసేదే. ఏ సందేశం వచ్చినా ఈ ప్రశ్నలు వేయండి. ఎవరు చెప్పారు? నాకు పంపినవారు కాదు, మొదట చెప్పినవారు. ఎప్పుడు చెప్పారు? ఎక్కడ జరిగింది? ఆధారం ఏమిటి? నాకు చూపనిది ఏమైనా ఉందా? కరాచీ చిత్రంలో కత్తిరించిన చివరి ముక్కను కనిపెట్టేది ఈ చివరి ప్రశ్నే. సందేశం మీద రెండు బాణాల గుర్తు ఉంటే అది కనీసం అయిదు చేతులు మారి వచ్చిందని అర్థం. కంప్యూటరే లేని మనిషి ముఖాన్నీ గొంతునూ కల్పించగల ఈ రోజుల్లో, "నా కళ్లతో చూశాను" అన్నది కూడా ఋజువు కాదు. జవాబులు దొరక్కపోతే "ఇది అబద్ధం" అననక్కరలేదు. "నాకు తెలియదు" అనండి. తెలియనిదాన్ని పంపకండి. శాస్త్రజ్ఞులకు తెలియదని చెప్పడం సిగ్గుచేటు కాదు. మనకెందుకు కావాలి?

మీకు వచ్చే అసలు చిక్కు నాకు తెలుసు. పంపినవారు పెద్దవాళ్లయితే? మావయ్య పంపినదాన్ని తప్పు అనడం ఎలా? పదిమంది ముందు అనకండి. దగ్గర కూర్చుని, "మావయ్యా, ఇది ఎప్పటిదో చూశావా?" అని అడగండి. శాస్త్రీయ దృక్పథాన్నీ, ప్రశ్నించే గుణాన్నీ పెంపొందించుకోవడం ప్రతి పౌరుడి విధి అని 1976లో మన రాజ్యాంగంలోనే చేర్చారు. ప్రశ్న అమర్యాద కాదు. వెక్కిరింత అమర్యాద.

ఒక పని కూడా చెప్తాను. మీ తరగతిలో అయిదుగురు కలిసి ఒక నోటుపుస్తకం పెట్టండి. ఒక వారం రోజులు మీ ఇళ్లకు వచ్చిన ఇటువంటి సందేశాలను పేర్లు లేకుండా అందులో రాయండి. ఒక్కొక్కదాని ఎదురుగా తేదీ ఉందా, మూలం ఉందా, ఆధారం ఉందా అని మూడు గడులు గీయండి. ఆదివారంనాడు లెక్కపెట్టండి. మూడు గడులూ నిండినవి ఎన్ని ఉన్నాయో మీరే చూస్తారు. నేను ముందే చెప్పడం ప్రయోగానికి మంచిది కాదు.

మా మనవడు అడిగిన ప్రశ్న నాలుగు మాటలది. దానికి ఖరీదైన పరికరం అక్కరలేదు, పెద్ద చదువు అక్కరలేదు. ఆ ప్రశ్న మూడేళ్ల క్రితం ఎవరైనా అడిగి ఉంటే, ఆ ఇంట్లో ఫోను ఏనాడో మోగడం మానేసేది. ఆ ఇంటివాళ్ల అలసిన గొంతు ఇప్పటికీ నా చెవిలో ఉంది. నా గ్రూపులన్నిటికీ మళ్లీ రాశాను: "నేను పంపినది పాతది. పాప క్షేమం. ఇక పంపకండి." కిందను ఆనాటి తేదీ వేశాను.